గెలిచిన నాడు వినవలసిన మాట



పల్లెలో ఎన్నికల వేడి ఓట్ల లెక్కింపుతో చల్లారదు. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరగాలని చట్టము. అందుకే ఉంగరము, కత్తెర వంటి గుర్తులు ఇస్తారు. అయినా ఏ గుర్తు వెనుక ఏ పార్టీ ఉందో, ఏ పేట ఎవరి వైపు ఉందో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. ఫలితము తెలిసిన రాత్రి గెలిచినవారు ఊరేగింపు తీస్తారు. ఓడినవారి గుమ్మము ముందుకు వచ్చేసరికి డప్పుల దరువు పెరుగుతుంది. టపాకాయలు అక్కడే ఎక్కువసేపు కాలుస్తారు. లోపల ఒక కుటుంబము తలుపు గడియ పెట్టుకొని, దీపము తీసివేసి కూర్చొని ఉంటుంది.

ఆ ఊరేగింపులో మన సంఘ సభ్యులున్నారు. ఆ తలుపు వెనుక కూడా మన సంఘ సభ్యులే ఉన్నారు. వచ్చే ఆదివారము వారందరూ ఒకే మందిరములో కూర్చోవాలి, ఒకే రొట్టెలో పాలు పుచ్చుకోవాలి. కొన్ని ఊళ్ళలో ఆ ఆదివారము నుండే ఒక వర్గమువారు ఆరాధనకు రావడము మానివేస్తారు. మరికొన్ని ఊళ్ళలో కొంతకాలానికి రెండవ మందిరమునకు పునాది పడుతుంది. బాప్తిస్మము గూర్చియో, రెండవ రాకడ గూర్చియో భేదము వచ్చి కాదు సుమా! సర్పంచి పదవి గూర్చి.

ఇటువంటి సంగతి మొదట మన ఊరిలోనే జరగలేదు. దేవుని ప్రజలు రెండు రాజ్యములుగా చీలిపోయి, ఒకరినొకరు చంపుకొన్న చరిత్ర బైబిలులో దాచకుండా వ్రాయబడియున్నది. ఆ చరిత్రలో దేవుడు ఒక పక్షమునకు ఒక ప్రవక్తను, ఎదుటి పక్షమునకు ఇంకొక ప్రవక్తను పంపాడు. వారిద్దరి మధ్య సుమారు 200 ఏండ్ల ఎడము ఉన్నది. కాని ఇద్దరి నోటను దేవుడు పెట్టిన మాట ఒక్కటే. ఈ నెల ఆ మాటను ధ్యానించుదము. బైబిలు దగ్గర పెట్టుకొని చదవండి.

ఒక్క ఇల్లు రెండైన రోజు

మొదటి రాజుల గ్రంథము 12వ అధ్యాయము తెరవండి. సొలొమోను మరణించాడు. అది క్రీస్తుకు పూర్వము సుమారు 930వ సంవత్సరము. అతని కుమారుడు రెహబాము పట్టాభిషేకమునకై షెకెముకు వచ్చాడు. ఉత్తరపు గోత్రములవారు అతని యొద్దకు వచ్చి, నీ తండ్రి మా మీద బరువైన కాడి మోపాడు, దానిని కొంచెము తేలిక చేస్తే నిన్ను సేవిస్తామని అడిగారు. వారు కత్తులు పట్టుకొని రాలేదు. వెట్టిచాకిరితో విసిగిపోయి మొరపెట్టుకొనుటకు వచ్చారు.

రెహబాము మూడు రోజులు గడువు అడిగాడు. తన తండ్రి కాలమునాటి పెద్దలు అతనికి మంచి సలహా ఇచ్చారు: ఈ రోజు నీవు వీరికి సేవకుడివై మృదువుగా మాట్లాడితే వీరు ఎల్లకాలము నీకు సేవకులై ఉంటారు. తనతో పెరిగిన యౌవనస్థులు మాత్రము, ఇంకా గట్టిగా బెదిరించుమన్నారు. రాజు వారి మాట విన్నాడు. మూడవ రోజు ప్రజలకు కఠినమైన జవాబు దొరికింది. పది గోత్రములు వెళ్ళిపోయాయి. వెట్టిపనివారిపై అధికారిని వారి దగ్గరకు పంపితే రాళ్ళతో కొట్టి చంపారు. రాజు రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. న్యాయము అడిగినవారిని మనము త్వరగా గొడవలు పెట్టేవారని అంటాము. వాక్యము అలా చెప్పుట లేదు. మొర వినవలసినవాడు వినకపోయినందువలన ఇల్లు చీలింది. సంఘములో ఎవరైనా మాకు అన్యాయము జరుగుతున్నదని చెప్పినప్పుడు, ఐక్యత చెడగొట్టకండి అని వారి నోరు మూయించే పెద్దలు రెహబామును జ్ఞాపకము చేసికోవాలి.

రెహబాము ఊరుకోలేదు. పోయిన రాజ్యమును మరల లోబరచుకొనుటకు 1,80,000 మంది యోధులను పోగుచేశాడు. అప్పుడు దైవజనుడైన షెమయాకు దేవుని వాక్కు వచ్చింది. ఇశ్రాయేలువారు మీ సహోదరులు, వారితో యుద్ధమునకు వెళ్ళవద్దు, ఎవరి ఇంటికి వారు తిరిగి వెళ్ళండి అని అతడు చెప్పాడు. ఆశ్చర్యమేమంటే, లక్షా ఎనభై వేలమంది ఆ మాట విని వెనుకకు మళ్ళారు. రాజ్యము రెండైన మాట నిజమే. అయినను వారు సహోదరులే అని దేవుడు యూదావారికి తెలియజేశాడు.

అవతల యరొబాము చేసిన తప్పు వేరు. ప్రజలు ఆరాధనకు యెరూషలేము వెళ్ళితే వారి మనస్సు రెహబాము వైపు తిరుగుతుందని అతడు భయపడ్డాడు. బేతేలులో ఒకటి, దానులో ఒకటి బంగారు దూడలను నిలువబెట్టాడు. పదవి పోతుందన్న భయములో నుండి ఆ బలిపీఠము పుట్టింది. ఎన్నికల ముందు అభ్యర్థికి శాలువ కప్పి, వేదిక మీద కూర్చోబెట్టి, ప్రసంగ పీఠము అప్పగించే సంఘములు ఈ భాగమును భయముతో చదవాలి. నాయకుల కొరకు ప్రార్థించుట మన బాధ్యత. మందిరమును ఒక పార్టీ కార్యాలయము చేయుటకు మాత్రము మనకు సెలవు లేదు.

ఒక మాట పలకలేనందుకు

రాజులు లేని న్యాయాధిపతుల కాలములోనే ఈ జబ్బు మొదలైంది. న్యాయాధిపతులు 12వ అధ్యాయములో, అమ్మోనీయులపై యుద్ధమునకు తమను పిలువలేదని ఎఫ్రాయిమువారు యెఫ్తా మీద కోపగించారు. నీ ఇంటిని నీతోకూడ కాల్చివేస్తామన్నారు. గిలాదువారిని పారిపోయి వచ్చినవారని ఎగతాళి చేశారు. యుద్ధము జరిగింది, ఎఫ్రాయిమువారు ఓడిపోయారు. ఓడినవారు ఇండ్లకు పోవలెనంటే యొర్దాను దాటవలెను. రేవుల దగ్గర గిలాదువారు కాపు వేశారు. వచ్చిన ప్రతివానిని షిబ్బోలెతు అనుమన్నారు. ఎఫ్రాయిమువారికి ఆ మొదటి అక్షరము పలకదు, సిబ్బోలెతు అన్నారు. అలా అన్నవారిని అక్కడికక్కడే చంపారు. ఆ కాలమున 42,000 మంది కూలిపోయారు. ఆ మాటకు వరి వెన్ను వంటి ధాన్యపు కంకి అని అర్థము చెబుతారు, నీటి ప్రవాహమని కూడ చెబుతారు. అంత మంచి మాటను మనిషిని చంపుటకు గుర్తుగా పెట్టుకొన్నారు.

వెక్కిరింపుతో మొదలై రేవులో శవములతో ముగిసిన కథ ఇది. వారందరూ ఒకే యాకోబు సంతానము, ఒకే భాష మాట్లాడువారు. యాస మాత్రమే వేరు.

తెలుగువారమైన మనకు ఈ సంగతి దూరమైనది కాదు. మన సినిమాలలో ఎన్నో ఏండ్లు తెలంగాణ యాసను రౌడీకి, హాస్యగానికి పెట్టారు. సీమ యాసను కత్తులు పట్టే పాత్రకు పెట్టారు. అది ఎంతమంది మనస్సులను గాయపరచిందో రాష్ట్రము కొరకు జరిగిన ఉద్యమములో మనము విన్నాము. 2014 జూన్ 2న రెండు రాష్ట్రములు వేరైనాయి. రాష్ట్రము ఒకటిగా ఉండుట, రెండగుట ప్రభుత్వముల పని, ప్రజల పని. కాని క్రైస్తవుని ఇంట్లో పిల్లలు మరొక ప్రాంతపువారి మాటతీరును వెక్కిరిస్తే, తండ్రి నవ్వి ఊరుకొనకూడదు. కోస్తా నుండి కోడలు తెలంగాణకు వస్తుంది. పాలమూరు సంఘమునకు కృష్ణా జిల్లా పాస్టరుగారు వస్తారు. వారు నోరు తెరవగానే మన ముఖములో కనబడే చిరునవ్వు ఎటువంటిదో మనమే పరీక్షించుకోవాలి.

గెలిచినవారికి ఓదేదు చెప్పినది

ఇప్పుడు రెండవ దినవృత్తాంతముల గ్రంథము 28వ అధ్యాయమునకు రండి. ఈ భాగముపై మన మందిరములలో ప్రసంగములు అరుదు.

రాజ్యము చీలి సుమారు 200 ఏండ్లైంది. యూదాలో ఆహాజు రాజు, ఇశ్రాయేలులో పెకహు రాజు. ఇద్దరికీ యుద్ధము జరిగింది. యూదావారు ఒక్కనాడే 1,20,000 మంది చనిపోయారు. ఇశ్రాయేలువారు స్త్రీలను, కుమారులను, కుమార్తెలను 2,00,000 మందిని చెరపట్టుకొని, దోపుడు సొమ్ముతో షోమ్రోనుకు బయలుదేరారు. మనము సమరయ అనే పట్టణము అదే. ఈ నాటి మాటలో చెప్పాలంటే అది విజయోత్సవ ఊరేగింపు.

ఆ ఊరేగింపునకు ఎదురుగా ఒక్కడు నడచివచ్చాడు. అతని పేరు ఓదేదు. అతడు యెహోవా ప్రవక్త, గెలిచిన పక్షపు ఊరివాడు. తన పక్షము గెలిచిన రోజున తన పక్షమును నిలువరించుట ఎంత కష్టమో ఆలోచించండి. ఓడినవారి ఊరినుండి వచ్చియుంటే, ఏడుపుగొట్టువాడని తోసివేసేవారు. తమవాడే గనుక ద్రోహి అనుటకు వీలున్నది.

అతడు చెప్పినదాని సారాంశము ఇది. యూదామీద దేవునికి కోపము వచ్చినందున వారిని మీ చేతికి అప్పగించాడు, నిజమే. అయితే మీరు ఆకాశమునంటునంత ఆగ్రహముతో వారిని చంపారు. ఇప్పుడు మిగిలినవారిని దాసులనుగా చేయాలనుకొంటున్నారు. దేవుని యెదుట మీకు కూడ అపరాధములు లేవా? మీరు చెరపట్టినవారు మీ సహోదరులు, వారిని విడిచిపెట్టండి.

చూచారా! షెమయా యూదావారితో ఏ మాట చెప్పాడో, ఓదేదు ఇశ్రాయేలువారితో అదే మాట చెప్పాడు. ఎదుటివారు మీ సహోదరులని. ఓడిపోయి పగతో ఉన్న పక్షము ఒకనాడు ఆ మాట విన్నది, గెలిచి గర్వముతో ఉన్న పక్షము ఇంకొకనాడు విన్నది. దేవుడు ఇరుపక్షముల తప్పులను ఎరిగినవాడు. ఓదేదు యూదావారి పాపమును దాచలేదు. కాని ఎదుటివారి పాపము చూపించి తనవారి పాపమును కప్పలేదు.

అప్పుడు ఎఫ్రాయిము పెద్దలలో నలుగురు లేచారు: అజర్యా, బెరెక్యా, యెహిజ్కియా, అమాశా. యుద్ధమునుండి తిరిగి వస్తున్నవారికి అడ్డము నిలిచి, ఈ చెరపట్టినవారిని లోపలికి తీసికొని రాకూడదన్నారు. మన అపరాధము ఇప్పటికే చాలా ఉన్నదన్నారు. ఆయుధములు పట్టినవారు చెరపట్టినవారిని, దోపుడు సొమ్మును అక్కడే విడిచిపెట్టారు. పేర్లు చెప్పబడిన పెద్దలు ఏమి చేశారో చూడండి. బట్టలు లేనివారికి ఆ దోపుడు సొమ్ములోనుండే బట్టలిచ్చారు. చెప్పులు తొడిగించారు. అన్నపానములిచ్చారు. నూనె రాశారు. నడువలేనివారిని గాడిదలమీద ఎక్కించి, ఖర్జూరపు చెట్ల పట్టణమైన యెరికోకు, వారి సహోదరుల యొద్దకు చేర్చి తిరిగి వచ్చారు.

ఇది చదివితే మీకు మరొక కథ జ్ఞాపకము రావడము లేదా? దారిలో బట్టలు దోచుకోబడిన మనుష్యుడు, నూనె పోసి కట్టిన గాయములు, తన పశువుమీద ఎక్కించిన సమరయుడు, యెరికో మార్గము. లూకా 10వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానమది. సమరయవారు ఎప్పుడైనా మంచి చేస్తారా అనుకొనే శ్రోతలకు, వారి స్వంత గ్రంథములోనే అటువంటి సమరయవారు ఉన్నారు.

ఇంకొక సంగతి. ఆ నాడు గెలిచిన రాజ్యమునకు పదిహేనేండ్లు తిరగకముందే, క్రీస్తుకు పూర్వము 722లో అష్షూరు చేతిలో సమరయ కూలిపోయింది. చెరపట్టినవారే చెరగా పోయారు. గెలుపు ఎవరి ఇంట్లోను శాశ్వతముగా కాపురము ఉండదు.

అగ్ని అడిగిన యోహాను

అష్షూరు రాజు సమరయ ఊళ్ళలో ఇతర జనములను తెచ్చి కాపురముంచాడు. కాలము గడిచేకొలది యూదులకు, సమరయులకు మధ్య ద్వేషము ముదిరింది. సమరయులు గెరిజీము కొండమీద కట్టుకొన్న ఆలయమును క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దపు చివరి భాగములో యూదుల ప్రధానయాజకుడు, పాలకుడు అయిన యోహాను హిర్కాను నాశనము చేశాడు. ప్రభువు ఈ లోకమునకు వచ్చేనాటికి సమరయుడు అన్న మాటే తిట్టుగా మారింది.

యోహాను సువార్త 8వ అధ్యాయములో ఆ తిట్టు ప్రభువును తిట్టారు. నీవు సమరయుడవు, దయ్యము పట్టినవాడవు అన్నారు. ఆయన జవాబు గమనించండి. తనకు దయ్యము పట్టలేదని చెప్పాడు. సమరయుడను కాను అని మాత్రము చెప్పలేదు. మన ఊళ్ళలో కులము పేరునే తిట్టుగా వాడుతారు. ఆ తిట్టు పడినవారితో, నేను మీవాడను కాను అని ప్రభువు అనలేదు. ఇది మనకు ఎంత ఆదరణ!

శిష్యులకు ఈ పాఠము వెంటనే రాలేదు. లూకా 9వ అధ్యాయములో ఒక సమరయ గ్రామము ప్రభువును చేర్చుకొనలేదు. యాకోబు, యోహాను అనే అన్నదమ్ములు మండిపడి, ఆకాశమునుండి అగ్ని దిగి వారిని కాల్చివేయునట్లు ఆజ్ఞాపింతుమా అని అడిగారు. ప్రభువు వారిని గద్దించి వేరొక గ్రామమునకు నడిచాడు. ఓటు వేయని వీధికి నీళ్ళ కుళాయి ఆపించాలని, పింఛను పేరు తీయించాలని కోరేవారు అడిగేది కూడ ఆ అగ్నినే.

తరువాత కొన్ని సంవత్సరములకు, అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో, ఫిలిప్పు ప్రకటించిన సువార్తను సమరయవారు అంగీకరించారు. యెరూషలేము సంఘము పేతురును, యోహానును అక్కడికి పంపింది. అదే యోహాను! ఎవరి తలలమీదికి అగ్ని రావాలని అడిగాడో ఆ జనము తలలమీద ఈసారి చేతులుంచి, పరిశుద్ధాత్మ కొరకు ప్రార్థించాడు. తిరుగు దారిలో ఆ అపొస్తలులు అనేక సమరయ గ్రామములలో సువార్త ప్రకటించారు.

మన మధ్య గోడలు

మన సంఘముల పుట్టుకలోనే ఈ ప్రశ్న ఉన్నది. 1866లో ఒంగోలుకు వచ్చిన జాన్ క్లౌ దొరగారి దగ్గర మొదట పై కులములవారు కొందరు చదువుకు, వాక్యమునకు దగ్గరయ్యారు. మాదిగ విశ్వాసులు సంఘములో చేరుటకు వచ్చినప్పుడు, వీరిని చేర్చుకొంటే మేము రాము అన్నారు. క్లౌ దొరగారు, ఆయన భార్య ఎవరికి వారు విడిగా ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయములోని భాగమే కనబడినదని ఆయన చెప్పుకొన్నారు. దేవుడు లోకములో నీచులైనవారిని ఏర్పరచుకొన్నాడని చెప్పే భాగమది. వచ్చినవారిని చేర్చుకొన్నారు. 1878 జూలై 3న ఆ ప్రాంతములో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

వీరు వస్తే మేము రాము అన్న మాట విన్న పితరుల బిడ్డలము మనము. అదే మాట నేడు మన నోట రావచ్చునా? మాలలు, మాదిగలు వేరు వేరు మందిరములు కట్టుకొన్న ఊళ్ళు ఎన్ని లేవు! పెండ్లి సంబంధము దగ్గర, సంఘ పెద్దల ఎన్నిక దగ్గర, సమాధుల తోటలో చోటు దగ్గర ఆ గోడ బయటపడుతుంది.

వర్గీకరణ విషయములో మన విశ్వాసులు రెండు వైపుల ఉన్నారని అందరికీ తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన చట్టమును సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఉపవర్గీకరణ చేయుటకు రాష్ట్రములకు అధికారమున్నదని తీర్పు చెప్పింది. ఒకరికి అది ఎన్నో ఏండ్ల మొరకు జవాబు. మరొకరికి అది తమ బలమును చీల్చే పని. వారు సభలు పెట్టుకోవచ్చు, అర్జీలు వ్రాయవచ్చు, వాదించవచ్చు. హక్కు అడుగుట పాపము కాదని షెకెములో చూచాము. అయితే ఆ వాదము వలన ఒకరి ఇంట శవము లేచినప్పుడు మరొకరు వెళ్ళకపోతే, అది దేవుని యెదుట మోయవలసిన అపరాధము.

ప్రభువు పన్నెండుమందిని ఏర్పరచుకొన్నప్పుడు రోమా ప్రభుత్వపు ఏర్పాటులో సుంకము వసూలు చేసిన మత్తయిని, జెలోతే అనబడిన సీమోనును ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. జెలోతే అంటే తన జాతి కొరకు, ధర్మశాస్త్రము కొరకు మండిపడేవాడు. మీ ఇద్దరి అభిప్రాయములు ఒకటి చేసికొని రండి అని ఆయన అనలేదు. నన్ను వెంబడించుమన్నాడు.

ఇంటిలో చేయవలసినవి

ఈ నెల కుటుంబ ప్రార్థనలో రెండవ దినవృత్తాంతములు 28:8 నుండి 15 వరకు పిల్లలచేత చదివించండి. మన ఇంట్లో ఏ కులమువారిని, ఏ ప్రాంతమువారిని, ఏ పార్టీవారిని గూర్చి హేళనగా మాట్లాడుకొంటున్నామో పెద్దలు పిల్లలను అడగండి. వారు నిజము చెబుతారు, కోపపడకుండ వినండి.

ఎన్నికల తరువాత మాటలు లేని ఇల్లు ఒకటి ఉంటే, మొదట గెలిచినవారు వెళ్ళండి. ఓడినవారు వచ్చి పలకరించాలని కాచుకొనవద్దు. ఊరక చేతులతో వెళ్ళవద్దు, ఆ ఎఫ్రాయిము పెద్దలు చెరపట్టబడినవారికి బట్టలు, ఆహారము ఇచ్చి, నూనె రాశారు. ఆ ఇంట్లో రోగి ఉంటే ఆస్పత్రికి మీ బండి కట్టండి, లేదా మీ ఆటో పంపండి. సంఘ పెద్దలారా, గెలిచినవారి ఊరేగింపులో మన యౌవనస్థులుంటే, ఓడినవారి గుమ్మము దాటువరకు డప్పు ఆపుమని చెప్పండి. ఓదేదు ఊరేగింపునకు ఎదురు వెళ్ళి చెప్పినది అటువంటి మాటే.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, గెలిచినప్పుడు మాకు వినయమును, ఓడినప్పుడు పగలేని మనస్సును ఇమ్ము. మేము ఎవరిమీద అగ్ని కోరుకొన్నామో వారి తలలమీద దీవెన కొరకు చేతులుంచునట్లు మమ్మును మార్చుము. మా సంఘములో మాట్లాడుకొనని ఇండ్లను నీవు ఎరుగుదువు. ఈ వారములో ఆ గుమ్మము తొక్కే ధైర్యము మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.